వారంటీ నిలుపుకొనుచు కారును మార్చుకొనుట

షోరూము నుండి క్రొత్త కారు ఇంటికి వచ్చి, దాని చక్రముల క్రింద నిమ్మకాయలు నలిగి, పూజాదికములు ముగిసిన కొలది దినములకే దానికి మరియొక అలంకారమో, మరియొక సౌకర్యమో చేర్చవలెనను కోరిక యజమాని మనస్సునందు మొలకెత్తుట మిక్కిలి సహజము. ఒకరికి ఫాగ్ ల్యాంపులు కావలెను. ఒకరికి పెద్ద తెరగల స్టీరియో కావలెను. ఇంకొకరు అల్లాయ్ చక్రములపై మనసు పడుదురు. ఇంతలో సందేహము వచ్చును. కార్ డెకార్ దుకాణము వాడు "ఏం కాదు సార్, రోజూ ఎన్ని బండ్లకు పెడుతున్నాం!" అని ధైర్యము చెప్పును. సర్వీస్ అడ్వయిజరు "బయట ఏది పెట్టించినా వారంటీ పోతుంది సార్" అని భయపెట్టును. మీరెవరి మాట నమ్మవలెను?

ఇద్దరి మాటయు పూర్తిగా నమ్మదగినది కాదని నా నిశ్చితాభిప్రాయము. మీ కారు చెడినచో మొదటివానికి పోవునదేమియు లేదు. రెండవవానికి బయటి దుకాణమునకు పోవు బేరమును తనవైపు త్రిప్పుకొనవలెనను ఆసక్తి ఉండుటలో వింత లేదు. నిర్ణయము మీ చేతిలోనే యున్నది. దానికి ఇంజనీరింగు చదువు అక్కరలేదు; ఏ మార్పునకైనను ముందు మీకు మీరే ఈ ప్రశ్న వేసికొనుడు: రేపు ఈ కారులో ఏదేని భాగము చెడినచో దానికి ఈ మార్పే కారణమని కంపెనీ సహేతుకముగా అనగలదా? అన్నచో, కాదని నేను కంటికి కనబడునట్లును, కాగితముతోను చూపగలనా?

రెండు సందర్భములను ఊహించుకొనుడు. ఒక బ్యాంకు ఉద్యోగిని తన కారుకు బయట అల్లాయ్ చక్రములు వేయించెను. ఆరునెలలకు ఏసీ కంప్రెసరు పాడయ్యెను. చక్రమునకును కంప్రెసరునకును సంబంధమేమి? ఏమియు లేదు, ఆమె నిర్భయముగా వారంటీ కోరవచ్చును. ఇంకొక యువకుడు హెడ్‌లైట్ తీగను మధ్యలో కోసి, అక్కడి నుండి ఫాగ్ ల్యాంపులకు కరెంటు ఇప్పించుకొనెను. ఆరునెలలకు దీపములను నడిపించు కంట్రోల్ మాడ్యూలు కాలిపోయెను. కోసిన తీగయు, నల్లని టేపును సర్వీసు సెంటరువారి కంటబడగానే అతని వాదము వినువారెవరు? నిజమునకు ఆ మాడ్యూలు పుట్టుకతోనే లోపభూయిష్టమై యుండవచ్చును. కాని ఆ సంగతి నిరూపించు అవకాశమును అతడే పోగొట్టుకొనెను.

మరియొక విషయము. వారంటీ యనగా ఒకే వస్తువు కాదు. టైర్లకు టైర్ల కంపెనీయు, బ్యాటరీకి బ్యాటరీ కంపెనీయు సాధారణముగా వేరుగా పూచీ పడును. మొదటి వారంటీ ముగిసిన తరువాతి కాలమునకై మీరు డబ్బిచ్చి పొడిగించుకొను ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరొక ఒప్పందము. దాని షరతులు మొదటిదానికంటె కఠినముగా ఉండవచ్చును. ఒక మార్పు వలన వీనిలో ఏది కదలునో, ఏది కదలదో తెలిసికొన్నచో "వారంటీ పోతుంది" అను ఒక్క మాటకు గుండె దడదడలాడదు.

ఇక పనిలోనికి దిగుదము.

1. కారుతోపాటు ఇచ్చిన పుస్తకమును ముందు చదువుడు

డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడ విప్పని స్థితిలో నిదురించుచున్న ఆ పుస్తకమును బయటకు తీసి, వారంటీ వర్తింపని సందర్భములను చెప్పు పుటను పెన్సిలుతో గీతలు గీయుచు చదువుడు. అందు రెండు విధములైన వాక్యములుండును. "మార్పు వలన కలిగిన లోపమునకు వారంటీ వర్తింపదు" అనునది ఒకటి. "మార్పు చేసిన వాహనమునకు వారంటీ వర్తింపదు" అనునది రెండవది. మొదటి వాక్యమున్నచోట సంబంధము చూపవలసిన భారము వాదములో వారిమీదికి మరలును. రెండవ వాక్యమున్నచోట మీరు ఎక్కువ జాగరూకులై యుండవలెను.

అయినను రెండవ వాక్యమును చూచి నిరుత్సాహపడవలదు. 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై వెలువరించిన ఉత్తరువులో, బయటి మెకానిక్కుచే పని చేయించుకొన్నంత మాత్రమున వారంటీ అంతయు రద్దగునను గంపగుత్త షరతు కూడదనియు, బయటివారి లోపభూయిష్టమైన పని వలన కలిగిన నష్టము మేరకే దానిని నిరాకరింపవచ్చుననియు చెప్పెను. అది ప్రధానముగా మరమ్మతులను గూర్చిన ఉత్తరువు. తరువాత అప్పీళ్లును నడచినవి. కనుక దానిని కౌంటరుపై పెట్టినంతనే పని జరుగునని తలపరాదు. కాని అందలి న్యాయసూత్రము, అనగా నష్టమునకును కారణమునకును సంబంధముండవలెననునది, మీ వాదమునకు వెన్నెముక. అమెరికాలోని మన తెలుగువారికి ఇదే సూత్రము ఇంకను స్పష్టముగా 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టములో లభించుచున్నది: ఒక కంపెనీ పేరుగల భాగమునే వాడిననే వారంటీ నిలుచునని, ఆ భాగమును ఉచితముగా ఇయ్యనిదే, సాధారణముగా షరతు పెట్టుటకు అచ్చట వీలులేదు.

2. తీగ కోయనీయకుడు

ఈ అధ్యాయమంతటిలో ఒక్క సలహాయే జ్ఞాపకముంచుకొందుమన్నచో ఇదియే ఉంచుకొనుడు. వారంటీ తగవులకు చేర్చిన వస్తువుకంటె దానికి కరెంటు తెచ్చిన మార్గమే ఎక్కువగా హేతువగును. దుకాణమునకు పోయినప్పుడు వస్తువు ధర అడుగుటకు ముందే ఈ మాట అడుగుడు:

"వైరు ఎక్కడా కోయకుండా, కప్లర్‌కు కప్లర్ పెట్టి చేస్తావా అన్నా?"

"హార్నెస్‌కి వేరే ఖర్చవుతుంది సార్. కోసి టేప్ వేసినా అదే పని."

"ఖర్చయినా ఫర్వాలేదు, హార్నెస్సే వెయ్యి. మధ్యలో ఫ్యూజు కూడా ఉండాలి."

ఈ మూడు వాక్యములు పలుకుటకు మొగమాటపడి ఎందరో తరువాత వేలరూపాయలు పోగొట్టుకొనుచున్నారు. హార్నెస్ అనగా రెండు చివరలను కంపెనీ కప్లర్లకు సరిపోవు కప్లర్లుగల తీగల గుత్తి. దానిని ఇరికించుటయు, ఊడదీయుటయు క్షణములో జరుగును. అసలు తీగపై గాటు పడదు. రేపు కారులో లోపము కనబడినప్పుడు మీరు ఆ కప్లరును ఊడదీసి, మీ వస్తువు తొలగిన పిదపకూడ లోపము అట్లే యున్నదని అడ్వయిజరు ఎదుటనే చూపవచ్చును. ఇంతకంటె బలమైన సాక్ష్యమేమి కావలెను?

హెడ్‌లైట్ బల్బుల విషయమునందు మాత్రము కొంచెము ఆగుదము. మన దేశమున విస్తారముగా కనబడు హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. హైబీములో ఒక్కొక్క బల్బు 12 వోల్టులపై 5 ఆంపియర్లు లాగును; రెండును కలిసి పది. వెలుతురు చాలలేదని 100 వాట్ల బల్బులు వేసినచో ఆ పది కాస్తా పదునాఱు దాటును. తీగయు, స్విచ్చియు, ప్లాస్టిక్ హోల్డరును మాత్రము పదింటిని మోయుటకు చేసినవే గదా! కొన్ని నెలలకు హోల్డరు గోధుమవర్ణమునకు తిరిగి, మెత్తబడి, రిఫ్లెక్టరుపై పొగచూరును. దానిని చూచిన ఏ సర్వీసు సెంటరైనను వారంటీ నిరాకరించును, నిరాకరించుట న్యాయమే. పైగా ఎదుటివాని కన్నులలో కొట్టు ఆ కాంతి ప్రమాదకరము. వెలుతురు నిజముగా తక్కువయైనచో ముందు అద్దముల మసకను తీయించుడు, దీపముల ఎత్తు సరిచేయించుడు. చాలామందికి అంతటితోనే తీరిపోవును. అప్పటికిని చాలదన్నచో అదే కారు పైరకమునకు కంపెనీ ఇచ్చు ఫాగ్ ల్యాంపులను కంపెనీ హార్నెస్‌తోనే వేయించుకొనుడు.

డ్యాష్‌క్యామ్ పెట్టించుకొనువారు మరియొకటి గమనింపవలెను. కారు నిలిపియున్నప్పుడును రికార్డు చేయవలెనని దానికి నిరంతరము కరెంటు ఇప్పింతురు. పది దినములు ఊరికి పోయి వచ్చునప్పటికి బ్యాటరీ పడుకొనును. ఆ బ్యాటరీకి వారంటీ అడుగుట ధర్మము కాదు. తాళము త్రిప్పినప్పుడే నడచు ఫ్యూజు నుండి, ఫ్యూజ్ ట్యాప్ ద్వారా ఇప్పించినచో ఆ చిక్కు ఉండదు.

3. షోరూములో వేయించినను బిల్లు చూడుడు

"షోరూములోనే కదా పెట్టించాను, ఇంక భయమేమి?" అని మీరనవచ్చును. ఇది మంచి వారు సైతము చేయు పొరపాటు. షోరూములో అమ్మునదంతయు కార్ల కంపెనీ వస్తువు కాదు. బయటి సరకును సైతము అదే గోడకు తగిలించి అమ్ముచుండుట కలదు. బిల్లుపై ఆ వస్తువునకు కంపెనీ పార్ట్ నంబరు ఉన్నదా? "జెన్యూన్ యాక్సెసరీ" యని వ్రాసియున్నదా? దాని వారంటీ ఎన్ని నెలలు? ఈ మూడును కాగితముపై లేనిచో షోరూము మెట్లపై చేసిన మార్పునకును, రోడ్డు ప్రక్క చేసిన మార్పునకును రేపు తేడా ఉండదు. కారు కొను దినమున, డెలివరీ తొందరలో, ఈ బిల్లును చదువువారు అరుదు. మీరు చదువుడు.

4. టైర్లకు కొంచెము లెక్క చేయుడు

పెద్ద టైరు వేయించుకొనుట మనలో పలువురికి ముచ్చట. ముచ్చట తప్పు కాదు. లెక్క తప్పినచో చిక్కు. టైరు ప్రక్కగోడపై వ్రాసియున్న 185/65 ఆర్15 అను సంఖ్యలలో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది వెడల్పులో ప్రక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలుపునది, మూడవది అంగుళములలో రిమ్ము వ్యాసము. దీనిబట్టి ఆ టైరు మొత్తపు వ్యాసము సుమారు 621 మిల్లీమీటర్లు. దాని స్థానమున 205/65 ఆర్15 వేసినచో 647 అగును; అనగా నాలుగు శాతము మించిన పెరుగుదల. స్పీడోమీటరు తక్కువ చూపును, చక్రపు గూడులో టైరు రాచుకొనవచ్చును, బేరింగులపై బరువు పెరుగును. అదే 16 అంగుళముల రిమ్ముపై 205/55 వేసినచో మొత్తము 632 లోపే. పెరుగుదల రెండు శాతము కూడ లేదు. మూడు శాతము లోపల ఉంచవలెనని అనుభవజ్ఞుల వాడుక. ఇంతకంటె క్షేమమార్గము, మీ కారు పైరకమునకు కంపెనీయే వేయు కొలతను ఎంచుకొనుట. ఆ కొలత తలుపు చట్రముపై అంటించిన కాగితముపైనో, పుస్తకములోనో ఉండును. టైరు మోయగల బరువును తెలుపు లోడ్ ఇండెక్సు మాత్రము ఎన్నడును తగ్గరాదు.

5. సీటు కవర్లను అల్పమని ఎంచకుడు

ఇప్పటి కార్లలో పెక్కింటికి ముందుసీట్ల బయటి అంచులో సైడ్ ఎయిర్‌బ్యాగు దాగియుండును. దానిపై బిగుతుగా మందపు కవరు తొడిగినచో, విచ్చుకొనవలసిన క్షణమున అది విచ్చుకొనకపోవచ్చును. సీటు అంచున "ఎయిర్‌బ్యాగ్" అను చిన్న గుర్తు ఉన్నదేమో చూడుడు. ఉన్నచో, అచ్చట తేలికగా చినుగు కుట్టు గల కవర్లనే తీసికొనుడు. ఇచ్చట వారంటీ మాట రెండవది. ప్రాణము మాట మొదటిది.

6. ఇంజను జోలికి పోవువారికి

టర్బో పెట్రోలు కార్లు వచ్చిన తరువాత రీమ్యాప్ అను మాట యువకుల నోట తరచుగా వినబడుచున్నది. ఇంజను కంప్యూటరులోని ఆజ్ఞలను తిరిగి వ్రాసి, శక్తిని పెంచుట దాని భావము. నేను స్పష్టముగా చెప్పుచున్నాను: వారంటీ మీకు ముఖ్యమైనచో అది ముగియువరకు దీనిని వాయిదా వేయుడు. పెరిగిన టార్కు ఇంజనుతో ఆగదు. క్లచ్చి మీదికి, గేరుబాక్సు మీదికి, టర్బో మీదికి పోవును. కావున వీనిలో ఏది చెడినను సంబంధము లేదనుటకు మీకు నోరుండదు. "సర్వీసుకు ముందు పాత మ్యాప్ వేసేస్తే వాళ్లకేం తెలుస్తుంది?" అని చెప్పువారు కలరు. ఎన్నిసార్లు తిరిగి వ్రాసినదియు కంప్యూటరులోనే నమోదగు ఏర్పాటు పెక్కు కార్లలో కలదు. కంపెనీ స్కానరు దానిని చదువగలదు. అదియటుండగా, దాచి అడుగుట న్యాయము కాదు గదా.

సీఎన్‌జీ కిట్టు సంగతి వేరు. దానికి చట్టము అనుమతించుచున్నది. ఆమోదము పొందిన కిట్టు వేయించి, ఆర్టీఓ కార్యాలయములో ఆర్‌సీపై ఎక్కించుకొని, సిలిండరును మూడేండ్లకొకసారి పరీక్ష చేయించవలెను. కాని బయట వేయించిన కిట్టు ఇంజను వారంటీకి సాధారణముగా అడ్డుపడును. కంపెనీయే తయారుచేసిన సీఎన్‌జీ కారులో ఇంజను వాల్వులు కూర్చొను సీట్లను ఆ ఇంధనమునకు తగినట్లు గట్టిగా చేయుదురు. పెట్రోలు కారులో ఆ ఏర్పాటు ఉండునను నమ్మకము లేదు. దినమునకు నూరు కిలోమీటర్లు తిరుగువారు కొనునప్పుడే కంపెనీ సీఎన్‌జీ రకమును కొనుట మేలు.

7. చట్టము దాటినచో వారంటీ వాదము నిలువదు

మోటారు వాహనముల చట్టము, 1988 లోని 52వ సెక్షను ప్రకారము, ఆర్‌సీలోని వివరములు తయారీదారు మొదట తెలిపినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుండి వచ్చిన వ్యాజ్యములో దీనినే గట్టిగా చెప్పెను. అదే సంవత్సరము చట్టమునకు చేసిన సవరణ, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానాకో, ఆరు నెలలవరకు జైలుశిక్షకో, రెంటికినో అవకాశము కల్పించెను. కావున పైకప్పు కోయుట, ఛాసిస్ మార్చుట వంటి ఆలోచనలు వలదు. కారు రంగు సైతము ఆర్‌సీలో నమోదై యుండునని మరువవలదు. ముందు భాగమున ఉక్కు బుల్‌బార్ బిగించువారిపై చర్య తీసికొనవలెనని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసెను. పాదచారికి అపాయము కలిగించుటయే గాక, ఆ ఉక్కుకడ్డీ ఢీకొనిన దెబ్బను ఎయిర్‌బ్యాగు సెన్సారునకు చేరవలసిన రీతిని చేరనీయకపోవచ్చును.

8. కాగితములు, పాత భాగములు, బీమా

మార్పు చేయించుటకు ముందొక సర్వీసు చేయించి, కారులో లోపము లేదని జాబ్ కార్డుపై వ్రాయించుకొనుడు. పని జరుగునప్పుడు బానెట్ క్రింద నాలుగు ఫోటోలు తీయుడు. ఊడదీసిన అసలు భాగములను, చిన్న క్లిప్పులతో సహా, అట్టపెట్టెలో భద్రపరచుడు. బిల్లు లేని పని ఎంత చౌకయైనను ఒప్పుకొనకుడు.

బీమా కంపెనీకి సైతము తెలుపుడు. మోటారు టారిఫ్ నాటినుండి వచ్చుచున్న పద్ధతి ప్రకారము, కారుతో రాని విద్యుత్ పరికరముల విలువపై 4 శాతము అదనపు ప్రీమియము చెల్లించినచో వానికిని రక్షణ లభించును; ఇరువదివేల స్టీరియోకు ఎనిమిదివందలు. ఈ స్వల్పమును మిగుల్చుకొనుటకై చెప్పక దాచినచో, ప్రమాదము జరిగిన దినమున సర్వేయరు ఎదుట చిక్కుపడుదురు.

ఇంత చేసినను సర్వీసు సెంటరువారు వారంటీ లేదన్నచో?

మొట్టమొదట కోపపడకుడు. అడ్వయిజరు తన పై అధికారి మాటను మీకు చెప్పుచున్నాడు, అంతే. మర్యాదగా ఇట్లు అడుగుడు: "ఏ పార్టు ఫెయిలయింది, నేను పెట్టించిన దానివల్ల అది ఎలా పాడయిందో జాబ్ కార్డు మీద రాసివ్వండి సార్." నోటితో సులభముగా వచ్చు నిరాకరణము కలము పట్టునప్పుడు తరచుగా వెనుకాడును, వ్రాయవలసి వచ్చినప్పుడు కారణము వెదకవలసి వచ్చును, కారణము లేనిచో పైవారిని సంప్రదింతురు. అప్పుడే మీ వస్తువు కప్లరును ఊడదీసి లోపమును మరల పరీక్షింపుమని కోరుడు. వారి నిర్ణయము వచ్చువరకు బయట ఆ భాగమును విప్పించకుడు. విప్పించితిరా, సాక్ష్యము మీ చేతులతోనే చెరిపివేసినట్లగును.

డీలరుతో పని కానప్పుడు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిలు వ్రాసి, ఆ ప్రాంతపు సర్వీసు మేనేజరు కారును స్వయముగా పరిశీలింపవలెనని కోరుడు. ఇచ్చటనే పెక్కు తగవులు తీరుట సంభవము. తీరనిచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915 కు ఫోను చేయుడు. అటుపిమ్మట జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, మీరు నివసించు ఊరు ఏ జిల్లాలో నున్నదో ఆ జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును; కారు హైదరాబాదులో కొన్నను శ్రీకాకుళములో ఉన్నవారు శ్రీకాకుళములోనే వేయవచ్చును. చెల్లించిన ధర ఐదు నుండి పది లక్షల లోపైనచో రుసుము రెండువందల రూపాయలు, ఇరువది లక్షల వరకు నాలుగువందలు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. లోపము పరీక్ష వలన గాని తేలనప్పుడు వస్తువును ప్రయోగశాలకు పంపు అధికారము కమిషనుకు కలదు. గడువు మాత్రము రెండేండ్లు. నిరాకరణము వ్రాసియున్న ఆ జాబ్ కార్డు నకలును, మార్పునకు ముందటి సర్వీసు కాగితమును ఫిర్యాదుకు తప్పక జతపరచుడు.